సాయంత్రం వదిలే నీళ్లు

ఫిబ్రవరి 9, సోమవారం

నువ్వు పెట్టిన సంతకం వల్ల తమ్ముడు మురుగు బావిలో చావబోయాడు మామయ్యా.

కుశల ప్రశ్నలు నాకిప్పుడు రావు. ఫోనెందుకు చెయ్యలేదంటే, ఫోన్లో నువ్వు నవ్వేసి "ఏమే కందిరీగా, ఇవాళ ఎవర్ని కుట్టావు" అంటావు, నేను సగంలో ఆగిపోతాను. కాగితాన్ని అలా నవ్వి పక్కకి నెట్టలేవు. మీ కాలుష్యం ఆఫీసులో కాగితం వస్తే తప్ప ఏదీ జరిగినట్టు కాదని నువ్వే అంటుంటావు కదా. ఇదిగో కాగితం.

శుక్రవారం సాయంత్రం వాడు పంపింగ్ స్టేషన్లో ఎప్పటిలాగే జాలీ శుభ్రం చెయ్యడానికి బావిలోకి దిగాడు. ఊరి మురుగంతా వచ్చి పడే బావి అది. కమ్మీల జాలీకి పట్టుకున్న గుడ్డలూ కవర్లూ కొంకితో లాగి బుట్టలో వేస్తే, పైన ఉన్నాయన తాడుతో చేదుకుంటాడు. ఆ పైనాయన్ని అందరూ తాత అంటారు. తాతేం కాదు, జుట్టు తొందరగా నెరిసిందంతే. రెండో బుట్ట పైకి వెళ్లాక కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమందట. వీడు మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడట. కాసేపటికి వాసన పోయింది. "హమ్మయ్య, గాలి తిరిగింది అనుకున్నానక్కా" అన్నాడు. గాలి తిరగలేదు. ఆ గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కు చస్తుంది. ఆ తర్వాత మనిషి.

పైకెక్కుతుంటే నిచ్చెన మీదే ఒళ్లు తూలితే తాత పొట్ట మీద పడుకుని, చెయ్యి చాపి, వీడి కాలరు పట్టుకుని లాగాడు. మన ఒంటెగాడు అంత పొడుగు లేకపోతే ఆ కాలరు చేతికి అందేది కాదు. ఇన్నేళ్లూ గుమ్మాలకి తల కొట్టుకోవడం తప్ప ఆ పొడుగు దేనికీ పనికి రాలేదు. ఆస్పత్రి చీటీలో "నీరసం వల్ల కళ్లు తిరగడం" అని రాశారు. వాడికి నీరసమట. కూర గిన్నె అడుగు గీకి గానీ లేవనివాడికి.

వాడి చొక్కా నేను ఉతికాను. బకెట్లో వేసి నీళ్లు పొయ్యగానే నా చేతులు ఆగిపోయాయి. అది మా ఫ్యాక్టరీ వాసన.

తోళ్ల ఫ్యాక్టరీ నీళ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు. కానీ నీకు కాగితం మీద తెలుసు, నాకు ముక్కుతో తెలుసు, అందుకని రాస్తున్నాను. వెంట్రుకలు ఊడటానికి తోళ్లని సున్నంలో, సల్ఫైడులో నానబెడతాం. ఆ సున్నం నీళ్లు ఒక తొట్టిలోకి వస్తాయి. తర్వాత అవే తోళ్లని యాసిడ్‌లో వేస్తాం, ఆ నీళ్లు ఇంకో తొట్టిలోకి. సున్నం నీళ్లలోకి బ్లోయరుతో బాగా గాలి కొట్టి, సల్ఫైడు చచ్చాకే డ్రైనేజీలోకి వదలాలి. గాలి కొట్టని సున్నం నీళ్లలో యాసిడ్ పడితే లేచేది ఆ గ్యాసే. ఇవన్నీ నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. డ్రమ్ముల మీద అట్టలు చదివీ, పాత పుస్తకాల కొట్లో దొరికిన కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకునీ నేర్చుకున్నాను.

మా బ్లోయరు మోటారు కాలిపోయి చాలా రోజులైంది. బాగయ్యేదాకా ఫ్యాక్టరీ ఆపాలి, రూలు అది. ఆపలేదు. గేటు దగ్గర బోర్డు మీద కాగితం ఒకటి అంటించారు. "కొత్త యంత్రం వచ్చేవరకు ఆరు నెలల గడువు మంజూరు." కింద నీ సంతకం. చివర్లో ఆ తోక కూడా ఉంది, ఎవరైనా పోల్చుకుంటారు.

మా ఫ్యాక్టరీ డ్రైనేజీ ఎక్కడికి పోతుందో ఇన్నాళ్లూ నేను ఆలోచించలేదు. వాడి బావిలోకి ఎక్కడి నీళ్లొస్తాయో వాడూ ఆలోచించలేదు. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిన్నవాళ్లం. పైపుకి ఆ చివర నేను, ఈ చివర వాడు. మధ్యలో నీ సంతకం.

ఆ గడువు ఎందుకిచ్చావో చెప్పు.

నువ్వు కందిరీగ అని పేరు పెట్టినది


ఫిబ్రవరి 13, శుక్రవారం

చిరంజీవి కందిరీగకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. మొదటి వాక్యం దగ్గరే ఎదురుగా ఉన్న గుమస్తా "ఏమైంది సార్, నీళ్లు తాగండి" అన్నాడు. మనవాడు క్షేమంగా ఉన్నాడని రెండో పేజీకి గానీ తెలియలేదు. అమ్మాయీ, ఉత్తరం రాసేటప్పుడు మంచి వార్త ముందు రాయాలి.

వాడికి చెప్పు, కొన్నాళ్లు పాలు తాగమని. నాకూ మోకాలు బాగాలేదు. మెట్లు దిగేటప్పుడు కటకటమంటోంది. లిఫ్టు బాగు చెయ్యమని రాసి రెండు నెలలైంది. గడువులిచ్చే ఆఫీసుకే గడువు దాటిపోతే అడిగే నాథుడు లేడు.

ఇక గడువు విషయం. నీకు తెలియదనుకుంటాను. అక్క ఫోను చేసింది. "ఫ్యాక్టరీ ఆపేస్తారట తమ్ముడూ, అమ్మాయి ఉద్యోగం పోతుంది, ఇంత కష్టపడి నేర్చుకుంది, ఇంకెక్కడ దొరుకుతుంది" అని ఒకటే ఏడుపు. అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఫైలు తెప్పించి చూశాను. యంత్రం ఆర్డరు పెట్టినమాట నిజమే. కావాలని ఎగ్గొట్టిన కేసు కాదు. కర్ర విరగకుండా పాము చావకుండా ఒక దారి వెతికాను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. నీ కోపం అంతా ఆ భయంతోనే అని నేననుకుంటున్నాను. ఫ్యాక్టరీ మూతపడదు. నిశ్చింతగా ఉండు.

అయితే నేను గుడ్డిగా సంతకం పెట్టలేదు. గేటు దగ్గర కాగితంలో ఉన్నది మొదటి పేజీ మాత్రమే. రెండో పేజీలో షరతు పెట్టాను, నా సొంత ఆలోచన అది. సున్నపు వ్యర్థజలం ఉదయమే వదలాలి. ఆమ్ల వ్యర్థజలం సాయంత్రమే వదలాలి. ఏ పరిస్థితిలోనూ రెండూ ఒకే వేళ పైపులోకి రాకూడదు. రెండూ కలవకపోతే గ్యాసు ఎక్కడిది? మా పైఅధికారి కూడా మెచ్చుకున్నాడు.

కాబట్టి మనవాడికి తగిలినది ఇంకెక్కడిదో అయివుంటుంది. మురుగన్నాక వాసన ఉంటుంది. పైగా పంపింగ్ స్టేషన్ మా శాఖ కాదు. బూట్లూ మాస్కూ ఇస్తున్నారో లేదో అక్కడ అడగమను.

మీ ఫ్యాక్టరీ నా షరతు దాటుతోందని నీకు ఖచ్చితంగా తెలిస్తే ఒక్క ముక్క రాయి. ఊరుకోను.

శుభాకాంక్షలతో,
మోకాళ్ల మామయ్య


ఫిబ్రవరి 16, సోమవారం

మామయ్యా,

నేను నా ఉద్యోగం గురించి రాశానా? ఇంకోసారి చదువు. ఎక్కడైనా "నా ఉద్యోగం" అన్న మాట కనిపిస్తే వేలు పెట్టి చూపించు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి లేవలేదు.

"నువ్వు అడిగావా" అన్నాను.

"అడిగాను."

"నాకు చెప్పకుండా?"

"చెబితే ఒప్పుకుంటావా? నువ్వు అసలే కయ్యాల కోడివి."

"వాడు చచ్చేవాడమ్మా."

"అప్పుడు నాకు నువ్వే కనిపించావు. ఆ నీళ్లు ఎటు పోతాయో నాకేం తెలుసే. పోసిన నీళ్లు పోతాయి, అంతే తెలుసు." ఆ తర్వాత కళ్లు తుడుచుకుని ఉల్లిపాయల వల్లే అంది. ఉల్లిపాయలు అప్పటికే అయిపోయాయి.

ఇంక ఆవిడతో ఏం పోట్లాడను.

వాడికి ముక్కు పని చెయ్యడం లేదు. అమ్మ నిన్న పొయ్యి మీద కూర మాడబెట్టింది. పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. వీడు అదే గదిలో కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు, ఏమీ తెలియలేదు. ఆ మాడుకూరే పెడితే "బాగుందమ్మా" అని తిన్నాడు. అమ్మ సంతోషించింది. నేను సంతోషించలేకపోయాను. ఆ బావిలో వాడికి ఉన్న ఒక్క కాపలా ముక్కే కదా.

వచ్చే సోమవారం మళ్లీ డ్యూటీకి వెళతానంటున్నాడు. పర్మినెంటు చేసేవాళ్ల పేర్లు ఈ నెలలో పైకి పంపుతారట. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే పేరు పోతుందట. మాస్కు గురించి అడిగాను. ఉందట, గుడ్డ మాస్కు. గ్యాసు కొలిచే పరికరం కూడా ఉందట. బీరువాలో. తాళం సూపర్‌వైజరు దగ్గర. సూపర్‌వైజరు సాయంత్రానికి ఇంటికి పోతాడు, వీళ్లు బావిలోకి దిగేది సాయంత్రం. ఇది చెప్పి వాడే నవ్వాడు.

ఇక నీ షరతు. నువ్వు తెలివైనవాడివే, కాదనను. కానీ మా మేనేజరు నీకంటే తెలివైనవాడు. ఎవరూ చూడనప్పుడు రెండు తొట్లూ కలిపి వదిలేస్తున్నాడని నా అనుమానం. లేకపోతే ఆ వాసన ఎక్కడిది? నాది ఉదయం సున్నం నీళ్ల తొట్టి దగ్గర పని, సాయంత్రం ఏం జరుగుతుందో నాకు కనిపించదు. మీ ఇన్‌స్పెక్టరుని పంపు. ముందు ఫోను చేసి, టీ సిద్ధం చేయించుకుని వచ్చే రకం తనిఖీ కాదు. చెప్పకుండా రావాలి. ఒకసారి వచ్చి పోవడం కాదు, నెలంతా ఎప్పుడు పడితే అప్పుడు రావాలి.

పాము చావలేదు, కర్ర విరగలేదు. ఆ పాము ఇప్పుడు వాడి బావిలో ఉంది. అది చూసుకో.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 20, శుక్రవారం

చిరంజీవి కందిరీగకు,

నీ మాట ప్రకారమే చేశాను. ఇన్‌స్పెక్టరు చెప్పకుండా రెండుసార్లు వెళ్లాడు, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం. కుర్రాడు నిక్కచ్చి. టీ కూడా తాగడు, కడుపులో మంట. అతని నివేదిక నా ముందుంది. ఉదయం సున్నం నీళ్లే వచ్చాయి. సాయంత్రం యాసిడ్ నీళ్లే వచ్చాయి. రెండిటి మధ్యా మంచినీళ్లతో పైపు కడిగి మరీ వదులుతున్నారట. అది నేను షరతులో రాయలేదు కూడా, వాళ్లంతట వాళ్లే చేస్తున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత బుద్ధిగా షరతు పాటించిన ఫ్యాక్టరీని నేను చూడలేదు.

కోపం మంచిదే అమ్మాయీ. కానీ కీలెరిగి వాత పెట్టాలి. నిన్ను తప్పు పట్టడం లేదు. తమ్ముడికి దెబ్బ తగిలింది, ఎవరో ఒకరు దొంగ కావాలనిపిస్తుంది. ఇక్కడ దొంగ లేడు.

నువ్వు కోరినట్టు నెలరోజులపాటు ఆకస్మిక తనిఖీలు కొనసాగించమని ఆర్డరు వేశాను. వేళ తప్పితే వెంటనే నోటీసు ఇవ్వమన్నాను. ఇక నీ మనసు కుదుటపడాలి.

ఇంకొక సంతోషకరమైన సంగతి. నివేదిక విషయమై మీ మేనేజరు ఫోను చేశాడు. మాటల్లో "మా మేనకోడలు మీ దగ్గరే పనిచేస్తుంది, నీళ్ల సంగతి మా ఇంజనీర్ల కంటే శ్రద్ధగా చదువుకుంది" అని చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు. అలాంటి మనిషి కోసమే చూస్తున్నామన్నాడు. నీకు ఏదో మంచి జరగబోతోందని నా ముక్కు చెబుతోంది.

ఒంటెగాడికి నా ఆశీస్సులు. పేరు పైకి వెళ్లిందా?

మామయ్య


ఫిబ్రవరి 25, బుధవారం

మామయ్యా, నీ నోరు కుట్టేసుకోవాల్సింది.

జరిగింది నీ "మంచి". శనివారం మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. "నీటి విడుదల బాధ్యత మీకు ఇస్తున్నాం. మీ మామయ్యగారి షరతు మీ చేతుల్లో ఉంటే మాకూ ధైర్యం" అన్నాడు. "మీరు" అన్నాడు నన్ను. ఇప్పుడు సాయంత్రం యాసిడ్ తొట్టి వాల్వు తిప్పేది నేనే.

మొదట సంతోషించానని దాచను. దొంగని నా కళ్లతో పట్టుకోవచ్చు కదా అని. పట్టుకోవడానికి ఎవరూ లేరు. నువ్వు చెప్పింది నిజం. ఒక్క చుక్క కలవడం లేదు. పైపు కడుగుతున్నారు, నేనే కడుగుతున్నాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

సోమవారం తమ్ముడు డ్యూటీకి వెళ్లాడు. ఆ రోజు కిందికి తాత దిగాడు, వీడికి ఇంకా నీరసమని. పైకొచ్చాక తాత గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాడట. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాక వాడు ఈ మాట చెప్పాడు.

"ఇవాళ కూడా వాసన వచ్చిందా" అన్నాను.

"నాకేం తెలుసు, నా ముక్కు సెలవులో ఉంది. తాత చెప్పాడు, గుప్పుమందట."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి, దిగినప్పుడే. సాయంత్రం."

"సాయంత్రం యాసిడ్ ఒక్కటే వదిలాను. సున్నం నీళ్లు పొద్దున్నే పోయాయి."

వాడు చారు కలుపుకుంటూ, "పోయి ఎక్కడికి పోతాయక్కా?" అన్నాడు. "మా బావిలోకే వస్తాయి."

"వచ్చి?"

"వచ్చి కూర్చుంటాయి. పంపులు రాత్రి కదా వేసేది. పగలు కరెంటు ఇవ్వరు మాకు. పొద్దున్నించీ వచ్చిందంతా బావిలో పేరుకుంటుంది. రాత్రి పంపులు వేసే ముందు జాలీ శుభ్రం చెయ్యాలి, లేకపోతే పంపు గొంతులో గుడ్డలు ఇరుక్కుంటాయి. అందుకేగా సాయంత్రం దిగేది."

అమ్మ మజ్జిగ పోస్తోంది. గ్లాసు నిండి పొర్లింది. ఆవిడకి కెమిస్ట్రీ రాదు మామయ్యా, అయినా అర్థమైంది.

నీకూ అర్థమయ్యే ఉంటుంది. నువ్వు పైపులో కలవొద్దన్నావు, పైపులో కలవలేదు. పొద్దున వదిలిన సున్నం నీళ్లు బావిలో కూర్చుని సాయంత్రం నీళ్ల కోసం ఎదురు చూస్తున్నాయి. సరిగ్గా వాడు నిచ్చెన దిగే వేళకి నేను వాల్వు తిప్పుతున్నాను. రోజూ. రూలు ప్రకారం. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా.

మేనేజరుకి చెప్పాను. పంపులు వేశాక, బావి ఖాళీ అయ్యాక యాసిడ్ వదులుదాం అన్నాను. శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పింది సబబుగానే ఉందండీ. కానీ అనుమతిలో సాయంత్రం అని ఉంది. మీ మామయ్యగారే రాశారు. వేళ తప్పితే నోటీసు ఇస్తామని కొత్తగా ఆర్డరు కూడా వచ్చింది" అన్నాడు. నోటీసు ఆర్డరు నేనే వేయించానని ఆయనకి తెలియదు.

వాడి సూపర్‌వైజరు దగ్గరికీ వెళ్లాను. మధ్యాహ్నం శుభ్రం చేయించండి అన్నాను. "మధ్యాహ్నం చేస్తే సాయంత్రానికి మళ్లీ నిండుతుందమ్మా, పంపులు పాడైతే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. గ్యాసు పరికరం అడిగితే బ్యాటరీ లేదన్నాడు.

ఒక్క మాట మార్చు. "సాయంత్రం" కొట్టేసి "పంపులు వేశాక" అని రాయి. అంతే.

నువ్వు రాసేదాకా నేను ఆగను. రేపటినుంచి నేనే ఆలస్యంగా తిప్పుతాను.

వాల్వు దగ్గర మనిషి


మార్చి 1, ఆదివారం

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి, కాగితం మీద బావి బొమ్మ గీసుకుని చూశాను. నువ్వు చెప్పినట్టే ఉంది. పైపు గురించి ఆలోచించాను, బావి గురించి ఆలోచించలేదు. మా అనుమతుల్లో ఫ్యాక్టరీ గేటు దాకానే బొమ్మ ఉంటుంది. గేటు దాటాక నీళ్లు ఎటు పోతాయో చూపే కాగితం మా దగ్గర ఉండదు.

శుక్రవారమంతా తిరిగాను. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

షరతులో ఒక్క పదం మార్చినా అది అనుమతి సవరణే. ముసాయిదా వెయ్యాలి, అభ్యంతరాలకి నెలరోజులు గడువివ్వాలి, తర్వాత కమిటీ కూర్చోవాలి. గడువు ఇచ్చేటప్పుడు ఇవన్నీ లేవా అంటావు. లేవు. సడలించడానికి నా సంతకం చాలు, బిగించడానికి చాలదు. ఎందుకలా పెట్టారో నాకూ తెలియదు.

పంపింగ్ శాఖకి వెళ్లాను. పంపుల వేళలు మా చేతిలో లేవు, కరెంటు శాఖని అడగండి అన్నారు. కరెంటు శాఖవాళ్లు పంపింగ్ శాఖనుంచి కాగితం వస్తే చూస్తామన్నారు. రెండు ఆఫీసులూ ఒకే మేడలో ఉన్నాయి. మోకాలు పట్టుకుని ఆ మెట్లు ఎక్కాను, దిగాను.

ఒక అధికారం నాకుంది. ప్రాణాపాయం ఉందని తేలితే ఆ నిమిషమే విడుదల ఆపెయ్యమని రాయొచ్చు. కమిటీ అక్కర్లేదు. కానీ బావిలో గ్యాసు ఎంత ఉందో కొలిచి చూపించాలి. కొలవాల్సింది పంపింగ్ శాఖ. కొలతలు లేకుండా రాస్తే ఫ్యాక్టరీ కోర్టుకి వెళుతుంది, నా సర్వీసు మీదికి వస్తుంది. పైగా విడుదల ఆపితే ఫ్యాక్టరీ ఆ రోజే ఆగుతుంది. నీతోపాటు అందరూ ఇంటికే. అక్కకి నేనేం చెప్పను? ఆ అధికారం నేనెప్పుడూ వాడలేదు. మా ఆఫీసులో వాడినవాళ్లని చూడలేదు.

కానీ ఇంకో పని చెయ్యగలను. పంపింగ్ శాఖలో ఒకాయన నాకు తెలుసు. మనవాణ్ణి వేరే స్టేషనుకి మార్పిస్తానన్నాడు. అక్కడ ఫ్యాక్టరీల నీళ్లు రావు. ఈ వారంలోనే అయిపోతుంది. వాణ్ణి ఒప్పించు.

ముఖ్యంగా, వాల్వు వేళ నువ్వు మార్చకు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వస్తాడో నాకు కూడా తెలియదు. వేళ తప్పితే నోటీసు ఆగదు, అది నా ఆర్డరే.

జాగ్రత్త తల్లీ.

మామయ్య


మార్చి 3, మంగళవారం

మామయ్యా,

నీ "జాగ్రత్త" నిన్న మధ్యాహ్నం వచ్చింది. చేతులు కాలాక ఆకులు.

గురువారం నేను వాల్వు తిప్పలేదు. రాత్రి తమ్ముడు ఫోను చేసి "పంపులు వేశారు, బావిలో నీళ్లు దిగాయి" అన్నాక తిప్పాను. ఆ రోజు తాత దిగి వచ్చి, "ఇవాళ మురుగు మురుగులాగే ఉందిరా" అన్నాడట. ఆ మాటకి నేను ఇంట్లో ఎగిరి గంతేశాను. శుక్రవారం కూడా అలాగే చేద్దామని తొట్టి దగ్గర కూర్చున్నాను. మీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

నిక్కచ్చి కుర్రాడే. వాచీ చూసుకున్నాడు, వాల్వు చూశాడు. "ఇంకా వదల్లేదేం" అన్నాడు. అంతా చెప్పాను, బావి బొమ్మ నేల మీద సుద్దతో గీసి చూపించాను. విన్నాడు. "మీరు చెప్పేది నిజం కావచ్చండీ. నేను చూడాల్సింది వేళ ఒక్కటే" అన్నాడు. ముందురోజు కూడా ఆలస్యమైందా అని అడిగాడు. అబద్ధం చెప్పలేదు. నోటీసు రాశాడు. వెళ్లేటప్పుడు "సారీ" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

మేనేజరు నన్ను మళ్లీ "నువ్వు" అంటున్నాడు. తోళ్ల అంచులు కోసే సెక్షన్‌లో వేశాడు. వాల్వు దగ్గర ఇంకొకతన్ని పెట్టాడు. అతను గడియారం లాంటివాడు. శనివారం సాయంత్రం సరిగ్గా వేళకి తిప్పాడు. ఫ్యాక్టరీ అంతా మెచ్చుకుంది.

శనివారం కింద ఉన్నది తాత. తనే పైకి వచ్చాడు, నిచ్చెన ఎక్కి, తన కాళ్ల మీద. కానీ ఆదివారం పొద్దున లేచేసరికి కళ్లు ఎర్రగా వాచిపోయి తెరుచుకోలేదు. ఇప్పుడు దీపం వైపు చూస్తే చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తున్నాయట. ఆస్పత్రిలో చీటీ ఇచ్చారు. "కళ్లకలక."

నువ్వు చెప్పిన బదిలీ సంగతి వాడికి చెప్పాను. సర్దిచెప్పి ఒప్పిద్దామనే కూర్చున్నాను. నాకూ ఆశగానే ఉంది, దాచడం ఎందుకు. అమ్మ అయితే వాడి బట్టలు కూడా మడత పెట్టేసింది.

"నేను పోతే బావిలోకి ఎవరు దిగుతారు?" అన్నాడు.

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు కాదక్కా, తాత. ఆయన కళ్లు తగ్గగానే ఆయనే దిగుతాడు. నన్ను కాలరు పట్టి లాగినాయన్ని అందులోకి దింపేసి నేను మంచినీళ్ల స్టేషనుకి పోనా? మామయ్యకి చెప్పు, నా బదులు బావికి బదిలీ వెయ్యమని."

అమ్మ మడతపెట్టిన బట్టలు మళ్లీ అలమరాలో పెట్టింది. తర్వాత నా పక్కన కూర్చుని, "మీ మామయ్యని నేనే అడిగాను కదా. ఇప్పుడు నేనే వద్దన్నానని రాయి. నీ ఉద్యోగం పోయినా ఫర్వాలేదని నేను అన్నానని రాయి" అంది. రాస్తున్నాను. అక్కకి ఏం చెప్పను అన్నావు కదా, అక్కే చెప్పింది.

నిన్న వాడికి సెలవు. ఇవాళ, రేపు డ్యూటీ పక్క స్టేషన్లో పంపులు తుడవడం. గురువారం సాయంత్రం మళ్లీ బావి వాడిది. ముక్కు ఇంకా రాలేదు. తాత ఉండడు. పైన తాడు పట్టుకోవడానికి స్టేషన్ వాచ్‌మన్‌ని పెడతారట. ఆయన గేటు వదిలి రాకూడదు కాబట్టి తాడుని కమ్మీకి కట్టి వెళతాడట.

నీకు అధికారం ఉంది. నువ్వే రాశావు. కొలతలు లేవన్నావు. ఒకడి ముక్కు పోయింది, ఒకాయన కళ్లు పోతున్నాయి. కొలవడానికి ఇంకా ఏ అవయవం కావాలో పంపింగ్ శాఖని అడిగి చెప్పు. కోర్టుకి వెళతారంటావు. వెళ్లనీ, నేనొచ్చి నిలబడతాను. నేను వాల్వు తిప్పిన రోజులన్నీ చెబుతాను, తిప్పని రెండు రోజులూ చెబుతాను. నీ సర్వీసు మీదికి వస్తుందంటావు. నిజమే, వస్తుంది. నీకు ఆ భయం ఉండకూడదని నేననను. నాకూ భయంగా ఉంది. మన ముగ్గురిలో ఆ నిచ్చెన దిగేది మాత్రం వాడొక్కడే.

ఈ ఉత్తరం బస్సులో వచ్చే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున్నే నీ బల్ల మీద ఉంటుంది. ముసాయిదా వద్దు, కమిటీ వద్దు. విడుదల ఆపమని రాసి, కింద నీ సంతకంతో గురువారం సాయంత్రం వాల్వు తిప్పే వేళ లోపు మా గేటు బోర్డు మీద అంటించి ఉండాలి. అది చెయ్యలేకపోతే ఆ వేళకి నువ్వే రా. బావి గట్టు మీద నిలబడి తాడు పట్టుకో. వాణ్ణి చేదుకోవడానికి ఒక మనిషి కావాలి.

రెండిట్లో ఏది చేస్తావో బుధవారం రాత్రి లోపు చెప్పు.